ఎస్ కొట్టు, నో కొట్టు

"మన ఎస్ కొట్టు అన్న పోయాడటే," అంది అక్క ఫోన్లో. ఆఫీసు నుంచి చేసింది. వెనక ఎవరివో మాటలు వినిపిస్తున్నాయి.

"పోతే పోయాడు," అన్నాను.

"ఛీ, అవేం మాటలే!"

మా అక్క అంతే. ఆమెకు ఎవరి మీదా కోపం నిలవదు. ఆమె పడాల్సిన కోపం కూడా చిన్నప్పటి నుంచీ నేనే పడుతున్నాను. ఫోన్ పెట్టేశాక కూడా ఆ మనిషి మొహం కళ్ల ముందు నుంచి పోలేదు. ముందు దువ్వెన గుర్తొచ్చింది, ఆ తర్వాతే మొహం.

ఎర్ర దువ్వెన. ఎప్పుడూ చొక్కా జేబులో ఉండేది. ఎవరైనా ఏదైనా అడిగితే ముందు దాన్ని బయటికి తీసి, ఉఫ్‌మని ఊది, నుదుటి మీది నుంచి వెనక్కి ఒకసారి దువ్వుకుని, మళ్లీ జేబులో పెట్టుకుని, అప్పుడు జవాబు చెప్పేవాడు. కొత్తవాళ్లకు ఆయన దీర్ఘంగా ఆలోచిస్తున్నట్టు కనబడేది. ఆలోచన అనేది ఆ తలలో నేనెన్నడూ చూడలేదు. జుట్టు మాత్రం దట్టంగా ఉండేది.

ఛత్రినాకలో మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందులో, పిండిగిర్ని పక్కన ఆయన ఇంటర్నెట్ సెంటర్. గిర్ని తిరుగుతున్నంతసేపూ మానిటర్లు సన్నగా వణికేవి. కీబోర్డు మీటల సందుల్లో జొన్నపిండి. తొంభైల్లో అదే గది ఎస్టీడీ బూత్‌గా ఉండేది. అప్పుడూ ఆయనే. అద్దాల తలుపు వేసుకుని మాట్లాడేవాళ్ల మాటలన్నీ బయట కుర్చీలో కూర్చుని వినేవాడు. విని ఊరుకుంటే సరే, కలగజేసుకునేవాడు. మా అమ్మ ఒకసారి విజయవాడలో ఉన్న పిన్నికి మోకాళ్ల నొప్పుల సంగతి చెబుతుంటే తలుపు తీసి, "గా నూనె గిట్ల రాయకున్రి అమ్మా, ఇంక ఎక్కువైతది" అన్నాడట. అమ్మ ఇంటికొచ్చి పగలబడి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. పరాయివాళ్ల మోకాళ్లలో కూడా వేలు పెట్టే మనిషి ఇంకెక్కడ పెట్టడని అనిపించింది.

ఆయనకో ఊతపదం ఉండేది. "మీ మర్జీ." ఫ్యాను కింద సిస్టం కావాలంటే మీ మర్జీ. ప్రింటు రెండు వైపులా తీయమంటే మీ మర్జీ. వినడానికి ఎంత మర్యాదగా ఉండేదో! మా నాన్న కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి ఉప్పుగూడలో ఇల్లు తీసుకున్న గుమాస్తా. ఆయనకు ఈ మాట మహా నచ్చింది. "హైదరాబాదు వాళ్ల మర్యాదే వేరు. అంతా మన ఇష్టానికే వదిలేస్తారు" అనేవాడు. తర్వాత కొంపలంటుకుంటే నన్ను అడగొద్దు అనే మాటకు అది మర్యాదైన పేరని మా నాన్నకు చాలా రోజులు తెలియలేదు.

ఆ సెంటర్లో ఒక ఆచారం ఉండేది. తెర మీద హఠాత్తుగా చిన్న పెట్టె లాంటిది తెరుచుకుని ఇంగ్లీషులో ఏదో ప్రశ్న అడిగితే, దాన్ని ఎవరూ చదివేవాళ్లు కాదు. కూర్చున్నచోటి నుంచే గొంతెత్తి, "అన్నా, అడుగుతుంది!" అనేవాళ్లు. కౌంటర్ దగ్గర నుంచి ఆయన, తల కూడా తిప్పకుండా, "ఎస్ కొట్టు!" అనేవాడు. అంతే, కొట్టేవాళ్లు. "భాయ్, కుచ్ పూఛ్ రహా" అని అవతలి మూల నుంచి వినబడితే, "యెస్ మారో, ఫికర్ నక్కో!" డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే లెక్చరర్ ఒకాయన వచ్చేవాడు. ఆయనా అంతే, "అడుగుతుందన్నా" అని అరిచేవాడు. చదవడం రాక కాదు. కంప్యూటరు ఆయనది కాబట్టి అది అడిగే ప్రశ్న కూడా ఆయన్నే అడుగుతోందని అక్కడ అందరూ నమ్మారు. ఆ ప్రశ్న తమనే అడుగుతోందని, తమ గురించే అడుగుతోందని ఎవరికీ తట్టలేదు. ఆయనకు తట్టినా చెప్పి ఉండడు.

ఆ ఎస్సులన్నీ ఎక్కడ చేరాయో తెర చూస్తే తెలిసేది. బ్రౌజరు తెరవగానే పైన ఒక పట్టీ, దాని కింద ఇంకో పట్టీ, దాని కింద మరొకటి. వాతావరణం చెప్పే పట్టీ, నవ్వు బొమ్మల పట్టీ, జాతకాల పట్టీ, పాటలు వెతికే పట్టీ. టూల్‌బార్లు అనేవాళ్లు వాటిని. ఏ మూల నుంచో ఒక కుక్కపిల్ల బొమ్మ వచ్చి తోక ఊపి వెళ్లేది. మనకు కావలసిన పేజీకి అన్నిటి కిందా జానెడు జాగా మిగిలేది. ఆ జానెడులోనే ఛత్రినాక, ఉప్పుగూడ జనమంతా ఉత్తరాలు చదువుకునేవాళ్లు, రిజల్ట్సు చూసుకునేవాళ్లు, సంబంధాల ఫోటోలు తెరుచుకునేవాళ్లు.

వీటిలో కొన్నింటిని ఆయనే స్వయంగా తెచ్చి పెట్టాడు. ఒక కంపెనీ తరఫున భుజాన సంచీ వేసుకుని ఒకాయన వచ్చాడు. సీడీ ఇచ్చి, అన్ని సిస్టముల్లోనూ ఈ పట్టీ ఎక్కించమన్నాడు. బదులుగా టీ షర్టులిచ్చాడు. పసుప్పచ్చవి, వీపు మీద ఆ పట్టీ పేరు. ఆ యేడు బోనాల ఊరేగింపులో ఈయన బామ్మర్ది అదే టీ షర్టు వేసుకుని తీన్మార్‌కి ఎగిరాడు. ఈయన భార్య ఒకదాన్ని చింపి పొయ్యి దగ్గర మసిగుడ్డగా వాడింది. వాడకట్టు జనమంతా ఏం టైపు చేస్తున్నారో ఎవడో కూర్చుని చూసుకోవచ్చని ఒప్పుకున్నందుకు ఈయనకు ముట్టింది అది. ఇంకాస్త పెద్ద ఆశకు అమ్ముడుపోయి ఉంటే నాకు ఆయనంటే కనీసం భయమైనా ఉండేది.

ఇప్పుడు అక్క సంగతి చెప్పాలి. అక్కకు పుట్టుకతోనే చూపు తక్కువ. బొత్తిగా కనబడదని కాదు. కాగితమైనా తెరైనా ముక్కు ఆనించేంత దగ్గరికి రావాలి, అక్షరం పెద్దదిగా ఉండాలి. తెలుపు మీద నలుపైతే కళ్లు చెదిరిపోతాయి. నలుపు మీద పసుపైతే హాయిగా చదువుతుంది. డిగ్రీ వరకు ఆమె చదువంతా మా గొంతులతోనే సాగింది. అమ్మ చదివింది, నేను చదివాను, పరీక్షల్లో ఎవరో రాసిపెట్టారు. డిగ్రీ అయ్యాక ఆమెకు ఒకటే పట్టుదల. తన అప్లికేషన్ తనే నింపాలి, తనకొచ్చిన ఉత్తరం తనే చదువుకోవాలి, అలా ఒక ఉద్యోగం తెచ్చుకోవాలి. "ఉద్యోగం రాకపోతే రాకపోనీయే. వస్తే మాత్రం నా కళ్లతో వచ్చిందనిపించుకోవాలి," అనేది.

ఆ రోజుల్లోనే కొత్త బ్రౌజరు ఒకటి వచ్చింది. దానికి మనకు కావలసిన చిన్న చిన్న పనిముట్లు తగిలించుకోవచ్చు. అప్పట్లో యాడ్-ఆన్ అనేవాళ్లు, ఇప్పుడు ఎక్స్‌టెన్షన్ అంటున్నారు. అక్షరాలు పెద్దవి చేసి, పేజీని నల్లగా మార్చి, అక్షరాలకు పసుపు రంగు వేసేది ఒకటి ఉందని అక్కతో కంప్యూటరు క్లాసుకి వచ్చే స్నేహితురాలు చెప్పింది. సెంటరుకి వెళ్లి వెతికి పట్టుకున్నాం. పెట్టె తెరుచుకుంది. అక్కే గొంతెత్తింది. "అన్నా, అడుగుతుంది."

"ఎస్ కొట్టమ్మా. మీ మర్జీ."

కొట్టింది. తెర నల్లబడింది. పసుపు అక్షరాలు వచ్చాయి. అక్క కుర్చీ ముందుకు జరుపుకుని, ముక్కు తెరకు ఆనించి, తన మెయిలు తను చదువుకోవడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆమెకు వచ్చిన ఉత్తరంలో నాకు తెలియని ముక్క ఉండేది కాదు. ఆ రోజు మధ్యలో ఎక్కడో తనలో తను నవ్వుకుంది. ఏమిటే అంటే చెప్పలేదు. నాకు ఒళ్లు మండింది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

ఆ యాడ్-ఆన్‌ని అక్క "నా అద్దాలు" అనేది. ఇక్కడ ఒక మాట ఒప్పుకోక తప్పదు. అక్క అద్దాలు ఆ సెంటర్లోకి వచ్చింది కూడా ఆ ఎస్ అనే తలుపులోంచే. దొంగలూ అందులోంచే వచ్చారు. తలుపు తీసి పెట్టినవాడికి రెండింటికీ తేడా తెలియదు, తెలుసుకునే ఓపికా లేదు.

ఒక పూట అక్క మెయిలు తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ తప్పంది. మళ్లీ కొట్టినా తప్పే. ఎవరో లోపలికి వెళ్లి పాస్‌వర్డ్ మార్చేశారు. అప్పటికే ఆమె ఒక ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి, ఇంటర్వ్యూ కబురు మెయిల్లో వస్తుందని ఎదురుచూస్తోంది. కబురు వచ్చింది, వచ్చి ఆ తెరుచుకోని మెయిల్లో పడి ఉంది. ఇంటర్వ్యూకి వెళ్లొచ్చిన స్నేహితురాలు, "నువ్వెందుకు రాలేదే? నీ పేరు కూడా పిలిచారు" అంది. అక్క ఇంటికొచ్చి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

నేను నేరుగా సెంటరుకి వెళ్లాను. పట్టీల్లో ఏదో ఒకటి అక్కడ టైపు చేసినవన్నీ ఎవరికో చేరవేస్తోందని అప్పటికే ఇద్దరు ముగ్గురు అంటున్నారు. ఆ ఇంగ్లీషు లెక్చరర్ పేరు మీద ఆయన స్టూడెంట్లకు చెప్పకూడని మెయిళ్లు వెళ్లాయి. పాపం, ఆయన తలెత్తుకోలేకపోయాడు.

"మీ పట్టీల వల్ల మా అక్క మెయిలు పోయింది, ఇంటర్వ్యూ పోయింది," అన్నాను.

దువ్వెన తీశాడు, ఊదాడు, దువ్వుకున్నాడు.

"ఎస్ ఎవరు కొట్టిన్రమ్మా? నేను కొట్టిన్నా? మీరే కొట్టిన్రు గద. మీ మర్జీ తోనే కొట్టిన్రు."

"మీరు కొట్టమంటేనే కదా కొట్టింది!"

"నేను మస్తు చెప్త. గడ్డి తినమంట, తింటరా?"

పక్క సిస్టం మీద ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనకూ నవ్వు వచ్చింది. తను మంచి మాట అన్నానని మురిసిపోయాడు కూడా. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనబడుతుంది. ఒక మనిషి ఇంత నిశ్చింతగా నీచుడై ఉండటం నేను అంతకుముందు చూడలేదు.

లెక్చరర్ ఫిర్యాదు మీద పోలీసాయన ఒకరు వచ్చి ఈయన్ని నాలుగు ప్రశ్నలు అడిగి వెళ్లాడు. ఆయన అడిగినప్పుడు ఎస్ కొట్టమని చెప్పేవాళ్లెవరూ లేరు. మర్నాటికల్లా ఈయన మతం మారిపోయింది. హుస్సేనీ ఆలం నుంచి కంప్యూటర్లు బాగుచేసే భాయ్‌ని పిలిపించాడు. ఆ భాయ్ రెండు పూటలు కూర్చుని, "సబ్ లాక్ కర్ దియా సేట్, అబ్ పరిందా భీ పర్ నహీ మారేగా" అని, ఇక పిట్ట కూడా దూరదన్న ధీమా ఇచ్చి వెళ్లాడు. పట్టీలు పోయాయి. మౌసు కుడి బటన్ పని చేయడం మానేసింది. ఏదీ దించుకోవడానికి లేదు, ఏదీ ఎక్కించుకోవడానికి లేదు. పెన్‌డ్రైవు పెట్టే కంతలకు ఎంసీల్ బంక పూసి మూసేశాడు. ఒకరు లేచి వెళ్లగానే సిస్టం ఆపి మళ్లీ వేసేవాడు. వేసేసరికి అందులో మనం చేసిన ప్రతి మార్పూ చెరిగిపోయి, మొదట్లో ఎలా ఉందో అలాగే తయారయ్యేది.

గోడ మీద బోర్డు కూడా పెట్టాడు. "ఇక్కడ సెక్యూరిటీ ఉన్నది. అడుగవద్దు."

అప్పటి నుంచి ఊతపదం మారింది. మర్జీ పోయి సెక్యూరిటీ వచ్చింది. ప్రింటు ఎందుకు రావడం లేదంటే సెక్యూరిటీ. ఫ్యాను ఎందుకు తిరగడం లేదంటే కూడా సెక్యూరిటీ అన్నాడేమో, నేను వినలేదు. తప్పించుకుని ఏ పెట్టె అయినా తెరుచుకుంటే, పాత అలవాటుగా ఎవరో ఒకరు, "అన్నా, అడుగుతుంది" అనేవాళ్లు. "నో కొట్టు!" అనేవాడు. ఇప్పుడు కూడా తల తిప్పేవాడు కాదు. చదవకుండా ఎస్ కొట్టించిన మనిషి చదవకుండా నో కొట్టిస్తున్నాడు, జనం అదే భక్తితో కొడుతున్నారు.

పట్టీలతో పాటు అక్క అద్దాలు కూడా పోయాయి. కొత్త మెయిలు పెట్టుకుని ఆమె మళ్లీ సెంటరుకి వచ్చేసరికి తెర తెల్లగా, అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఎక్కించుకుందామంటే కుదరదు. అక్కే లేచి కౌంటర్ దగ్గరికి వెళ్లింది. నేను వెనకే నిలబడ్డాను.

"అన్నా, ఒక్క సిస్టంలో పెట్టించండి. ఆ మూలది చాలు. నేను వచ్చినప్పుడు అందులోనే కూర్చుంటాను."

దువ్వెన.

"ఒక్కలకు పెడితే అందరు అడుగుతరు బిడ్డా."

"అడిగితే వాళ్లకేం కావాలో చూసి పెట్టండి. మంచిదైతే పెట్టండి, కాకపోతే మానండి."

"గవన్ని నేనేడ చూడాలె? నాకు గదే పనా? అయినా నీ దాంట్ల ఏమున్నదో ఎర్కనా? మెకానిక్ భాయ్ చెప్పిండు. గది నువ్వు తెరిచిన పేజీలన్ని చూస్తదంట. అచ్చరం అచ్చరం చదువుతదంట. రేపు మల్ల నీ పాస్‌వర్డ్ పోతే నీ చెల్లె నా మీదికి లొల్లికొస్తది."

అక్క మెల్లగా అంది. "చదవకుండా పెద్దది ఎట్లా చేస్తుందన్నా? మీ కళ్లద్దాలు మీరు చదివేదంతా చూడవూ? చూస్తుందని నాకు తెలుసు. తెలిసే పెట్టుకుంటానంటున్నాను. అది ఏం చూస్తుందో నాకు చెప్పండి, చాలు. ఎస్సో నోవో నేను కొట్టుకుంటాను."

నా జీవితంలో ఆ విషయం మీద ఇంతకన్నా తెలివైన మాట నేను వినలేదు. తర్వాత నేను కంప్యూటర్ల ఉద్యోగమే చేశాను. పెద్ద పెద్ద మీటింగుల్లో కూర్చున్నాను. వాడేవాళ్లకు ఎంత వదలాలి, ఎంత కట్టెయ్యాలి అని గంటలకొద్దీ వాదించుకునేవాళ్లం. ఎవరి వాదన విన్నా నాకు ఛత్రినాక కౌంటర్ ముందు నిలబడ్డ మా అక్కే గుర్తొచ్చేది.

ఆయన ఆ మాటకు ఏమన్నాడంటే, "సెక్యూరిటీ బిడ్డా. రూల్ అంటే రూల్" అన్నాడు.

కొన్నాళ్లకు ఇంకో ఆఫీసులో గుమాస్తా ఉద్యోగాలు పడ్డాయి. చూపు తక్కువవాళ్లకు అందులో కోటా ఉంది. అప్లికేషన్ ఇంటర్నెట్లోనే నింపాలి. మొదట్లో స్నేహితురాలి ఇంట్లో నింపుదామనుకుంది. వాళ్ల ఇంట్లో కంప్యూటరు చెడిపోయింది. ఇవాళా రేపా అంటూ గడువు ఆఖరి రోజుకి వచ్చిపడ్డాం. "నేను చదువుతాను, నువ్వు చెప్పు, నేనే నింపుతాను" అన్నాను. అక్క ఒప్పుకోలేదు. "నువ్వు నింపితే ఉద్యోగం కూడా నువ్వే చెయ్యి" అంది. ఆ కళ్లతో ఆ చీమల్లాంటి అక్షరాలు చదువుతానని బయలుదేరింది. మధ్యాహ్నం ఎండలో ఇద్దరం సెంటరుకి వెళ్లాం.

ఆయన లేడు. అన్నానికి వెనక ఇంట్లోకి వెళ్లాడు. ఆయన భోజనానికి లేస్తే కౌంటర్ దగ్గర భార్య కూర్చునేది. అక్క మూల సిస్టం ముందు కూర్చుని, ముక్కు తెరకు రాసుకుపోయేట్టు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటోంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఏడుపు కాదు, ఆ తెలుపు చూడలేక. ఆయన భార్య ఈ అవస్థ చూసి లేచొచ్చింది.

"గట్లెందుకు పాణం తీసుకుంటున్నవ్ బిడ్డా? గా కౌంటర్ల కూసోరాదు? ఆయన దాంట్ల అచ్చరాలు పెద్దపెద్దగుంటయ్. ఈ నడుమ ఆయనకు చిన్నయి కండ్లకు ఆనుతలేవని ఏందో పెట్టిచ్చుకున్నడు."

కౌంటర్ మీది కంప్యూటరు తెర ఎప్పుడూ గోడవైపు తిరిగి ఉండేది. కస్టమర్లెవరూ దాని మొహం చూసి ఎరగరు. అక్క వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంది. వెనకాలే వెళ్లి నేనూ చూశాను.

నల్ల తెర. పసుపు అక్షరాలు. అక్క అద్దాలు. అదే యాడ్-ఆన్. దాన్ని ఆ సెంటర్లోకి తెచ్చింది అక్క, దాని పేరు ఆయనకు తెలిసిందే అక్క వల్ల. అది పేజీలన్నీ చూస్తుందని, అక్షరం అక్షరం చదువుతుందని అక్కను భయపెట్టిన మనిషి నలభై దాటి చత్వారం రాగానే దాన్ని తన సిస్టంలో పెట్టుకున్నాడు. మూల సిస్టంలో పెట్టమంటే రూల్ అన్నాడు. ఇంకో సంగతి కూడా ఆ పూటే తెలిసింది. ఆ తెల్లవి, పచ్చవి పట్టీలు మా తలల మీద రాజ్యమేలిన రోజుల్లో కూడా ఈ కంప్యూటర్లో ఒక్క పట్టీ లేదట. "గీ దాంట్ల ఎన్నడు పెట్టలే. గవి మంచియి కావన్నడు" అని ఆ ఇల్లాలే అమాయకంగా చెప్పింది. మాకు ఎస్, తనకు నో. ఎప్పుడు ఏది కొట్టాలో ఆయనకు మొదటి నుంచీ తెలుసు. ఆయన్ని మొద్దు అని తిట్టుకుంటూ నేను అన్నాళ్లూ ఆయనకు ఉత్తపుణ్యానికి మర్యాద చేశాను.

నేను నోరు తెరవబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుని నొక్కింది. "తర్వాత తిట్టుకో. నన్ను నింపుకోనీ" అంది.

నింపింది. పేరు, ఊరు, చదువు, చూపు ఎంత శాతం తక్కువ, అన్నీ. నేను పక్కకు జరిగి నిలబడ్డాను. మధ్యలో ఎక్కడో కూనిరాగం కూడా తీసింది.

ఆఖరి మీట నొక్కేముందు ఆయన వచ్చాడు. చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, తన కుర్చీలో అక్కను చూసి, అక్కడే ఆగిపోయాడు. దువ్వెన కోసం చెయ్యి జేబు దాకా వెళ్లి కూడా ఆగిపోయింది.

"ఏయ్, ఏందిది? ఎవరు కూసోమన్నరు గీడ?"

అదే సమయానికి తెర మీద పెట్టె తెరుచుకుంది. అక్క మీట నొక్కినట్టుంది. అలవాటుకొద్దీ కౌంటర్ పక్క సిస్టం మీద ఉన్న ఒకాయన, లేచి తొంగి చూస్తూ, "అన్నా, అడుగుతుంది" అన్నాడు.

"నో కొట్టు!" అని ఈయన అరిచాడు. అరిచి, బల్ల కింద స్విచ్ వైపు వంగాడు. నో కొడితే నింపిందంతా పోతుంది. స్విచ్ తీసినా పోతుంది. 

"ఆగున్రి," అంది ఆయన భార్య. పెద్దగా అనలేదు. "నేనే కూసోమన్న. గా పిల్ల పని అయిపోనియ్యిన్రి." అని ఆయనకూ ఆ స్విచ్‌కూ మధ్య వచ్చి నిలబడింది.

అక్క ఎవరివైపూ చూడలేదు. తెర దగ్గరికి వంగి, ఆ పెట్టెలో ఉన్నది ఒక్కో మాటా పైకే చదివింది. మీరు ఇచ్చిన వివరాలు సరైనవని ఒప్పుకుంటున్నారా, పంపిన తర్వాత మార్చడానికి వీలుండదు, పంపమంటారా అని ఇంగ్లీషులో ఉంది. చివరి వరకూ చదివింది. ఆ సెంటర్లో ఒక పెట్టెను మొదటి నుంచి చివరి దాకా చదవడం నాకు తెలిసి అదే మొదలు. 

"ఎస్," అని తనలో తనే అనుకుని కొట్టింది.

తర్వాత లేచి, "థాంక్స్ వదినా" అని భార్యకు చెప్పి, ఆయన పక్క నుంచే బయటికి నడిచింది. తొంగి చూసిన ఆసామి ఇంకా అక్కడే ఉన్నాడు. "అన్నా, నీ దాంట్ల అచ్చరాలు మస్తు పెద్దగున్నయ్. మా దాంట్ల ఎందుకు లేవు?" అన్నాడు. ఈయన ఇప్పుడు దువ్వెన తీశాడు. ఊదాడు. దువ్వుకున్నాడు.

"గది ఓనర్ సిస్టం," అన్నాడు.

ఎంత అన్వేషించినా ఆ మనిషిలో అంతకుమించి ఏమీ లేదు. మీ మర్జీ అన్నా, సెక్యూరిటీ అన్నా, ఆయన అన్నదంతా ఆ ఒక్క ముక్కే. గది ఓనర్ సిస్టం.

అక్కకు ఆ ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ అక్కడే చేస్తోంది.

ఆయన్ని ఆఖరిసారి చూసింది కొన్నేళ్లకు, అక్కా నేనూ ఆటోలో ఆ సందులోంచి మెల్లగా వెళుతుండగా. ఇళ్లల్లోకే ఇంటర్నెట్ వచ్చాక సెంటర్ మూతపడింది. ఆ గదిలో ఎవరో జిరాక్సు మిషను పెట్టారు. ఈయన దాని ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. షుగరు వచ్చి చూపు బాగా పోయిందని విన్నాం. జుట్టు అలాగే ఉంది. చేతిలో సెల్ ఫోను. అప్పట్లో ఫోన్ల మీద కంపెనీ వాళ్లు ఊరికే ప్రశ్నలు పంపుతుండేవారు. పాటలు కావాలా, జాతకం కావాలా అని. పొరపాటున ఓకే కొడితే ఆ జాతకం రోజూ వెంటపడేది. ఈయన ఫోను అటూ ఇటూ తిప్పుతూ, దారిన పోయేవాళ్లకు చూపిస్తున్నాడు.

"జర చూడున్రి, ఏందో అడుగుతుంది."

ఒక స్కూటరాయన కాలు నేలకు ఆనించి, ఫోను వంక చూడకుండానే, "ఓకే కొట్టన్నా" అని వెళ్లిపోయాడు. నాకు చెప్పొద్దూ, చాలా తృప్తిగా అనిపించింది. ఇంకో నలుగురు అలా అంటే చూసి వెళదామనిపించింది. అక్క మాత్రం ఆటోని ఆగమని దిగింది.

ఫోను తీసుకుని ముక్కుకు ఆనించుకుంది. ఆ చిన్న తెర మీది చిన్న అక్షరాలు, తెలుపు మీద నలుపు. చాలాసేపు పట్టింది. మొత్తం చదివి, ఏమడుగుతున్నదీ తెలుగులో చెప్పింది. ఓకే కొడితే ఏమవుతుందో, కొట్టకపోతే ఏమవుతుందో చెప్పింది. చెప్పి ఫోను ఆయన చేతిలో పెట్టింది.

ఆయన ఆమెను గుర్తుపట్టాడో లేదో నాకు తెలియదు. బొటనవేలు మీట మీదికి తెచ్చాడు. ఆపాడు. ఇంకో మీట మీదికి తెచ్చాడు. అక్కడా ఆపాడు.

"ఏం కొట్టమంటవ్ బిడ్డా?"

"అది మీరే కొట్టాలన్నా," అంది అక్క.

ఆటో సందు మలుపు తిరిగేదాకా వెనక్కి చూశాను. వేలు అలాగే ఎత్తిపట్టుకుని కూర్చున్నాడు.

ఇవాళ ఫోన్ పెట్టేసేముందు అక్క అదే అడిగింది. "ఆ రోజు చివరికి ఏం కొట్టి ఉంటాడంటావే?"

"నాకేం తెలుసు," అన్నాను. "ఆయన మర్జీ."